అత్త ఇచ్చిన తమలపాకు తీగ

పోయిన శ్రావణ శుక్రవారం పొద్దున్నే ఎదురింటి కొత్తకోడలు బెల్ కొట్టి, వ్రతానికి ఆకులు కావాలని అడిగింది. "బజార్లో అంతా వాడిపోయిన ఆకే ఉండాది ఆంటీ, మీ తీగలోవి ఇస్తారా" అంది. ఇవ్వక ఏం చేస్తాను. తిరుపతిలో ఈ మూడో అంతస్తు ఇంటికి మనిషి వచ్చేదే ఆ తీగ కోసం. మా ఆయన పోయి మూడేళ్లయింది, పాలతను ప్యాకెట్టు తలుపుకు తగిలించి పోతాడు, పేపరు మానేశాను, ఇక బెల్ మోగిందంటే ఆకు కోసమేనని కూర్చున్నచోటే తెలిసిపోతుంది. కణుపు కణుపుకూ వేళ్లు పుట్టించుకుని, బాల్కనీ గోడను కరిచిపట్టి పైదాకా పాకిన ఆ తీగ నుంచి ఒక్కో ఆకూ తొడిమతో సహా తుంచి, తడిగుడ్డతో తుడిచి, ఆ అమ్మాయి పళ్లెంలో పేర్చి ఇచ్చాను. అలా తుడిచి ఇవ్వడం నాకు నేర్పింది మా మేనత్త.

ఆమె మా నాయనకు అక్క. ఇరవై ఏళ్లు నిండకుండానే భర్త పోతే సత్యవేడులోని పుట్టింటికి వచ్చేసి, ఆ ఏడాదే పెరట్లో బావి పక్కన ఒక అవిసె మొక్క నాటి, దాని మొదట్లో తమలపాకు తీగ పెట్టిందట. నాకు ఊహ తెలిసేసరికి ఒక్క అవిసె కాస్తా ఆరు అవిసెలై, ఆరింటినీ తీగ అల్లుకుని, ఎండాకాలం మధ్యాహ్నం కూడా అక్కడ నేల చల్లగా ఉండేది. మా వీధిలో సగం మంది అరవం మాట్లాడేవాళ్లు కాబట్టి కొందరు వెత్తిల అనీ కొందరు ఆకు అనీ అడిగేవారు గానీ, ఎవరింట్లో పెళ్లయినా పేరంటమైనా వక్కాకుకు ఆకు మాత్రం మా అత్త పెరటిదే.

తీగను పెంచడం పసిబిడ్డను సాకినట్టని అందరూ అంటారు, నన్నడిగితే పసిబిడ్డే నయం, ఆకలైతే ఏడుస్తుంది. ఇది నీళ్లు తక్కువైనా అలుగుతుంది, ఎక్కువైనా కుళ్లుతుంది. పొద్దుటి ఎండ కావాలి, మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. అత్త బియ్యం కడిగిన నీళ్లు పోసేది, అరటినారతో వదులుగా కట్టేది, ఏడాదికొకసారి పైకి పోయిన తీగను మెల్లగా కిందికి దించి చుట్టగా చుట్టి మట్టిలో పూడ్చేది, అక్కడినుంచి మళ్లీ కొత్త చిగురు వచ్చేది. బయట చేరిన ఆడవాళ్లు ముట్టుకుంటే తీగ ఎండిపోతుందని మా అవ్వ గోల పెట్టేది. అత్త మాత్రం నన్ను ఆ రోజుల్లో కూడా పిలిచి నారముడి వేయించుకునేది. "తీగకు అయ్యన్నీ యాడ తెలుస్తాయి పాపా, దానికి నీళ్లు తెలుస్తాయి, నీడ తెలుస్తాది" అనేది. తీగ ఎండలేదు, అవ్వ నోరూ మూతపడలేదు.

ఇంతమందికి ఆకు ఇచ్చిన మనిషి చేతిలో వక్కాకు పెట్టినవాళ్లు లేరు. భర్త లేని ఆడదానికి తాంబూలం ఇవ్వరాదు, అంతే. పొద్దున్నే గంపెడు ఆకు ఇచ్చి పంపిన పేరంటానికి సాయంత్రం మా అమ్మ, నేను ముస్తాబై వెళ్లేవాళ్లం, అత్త బావి దగ్గర అంట్లు తోముతూ ఉండేది. పదేళ్ల వయసులో ఒకసారి నాకు తిక్క పుట్టి, నా పెళ్లికి మొదటి వక్కాకు నీకే ఇస్తాను అత్తా అన్నాను. ఆమె తోమడం ఆపకుండానే నవ్వి, "ఇద్దువులే పాపా" అంది. ఆ తర్వాత ఏటా ఏదో ఒక పేరంటం రోజున ఆ మాట గుర్తుచేసేదాన్ని, ఆమె ఏటా అదే జవాబు చెప్పేది. మూడు నాలుగేళ్లయ్యాక మాత్రం, అలా అనేటప్పుడు తోమడం ఆపి నావైపు చూసేది.

నన్ను పెళ్లికూతురిని చేసిన రోజు అత్త తెల్లవారకముందే లేచి, తీగలోకల్లా లేత ఆకులు ఏరి, తుడిచి పళ్లెం సర్దింది. పెద్ద ముత్తైదువలంతా వరసగా కూర్చున్నారు. మొదటిది ఆమెకే ఇస్తానన్నదాన్ని, అమ్మ చూపిన వరసలో ఒక్కొక్కరికీ ఇచ్చుకుంటూ పోయాను. చివరికి ఒక తాంబూలం మిగిల్చుకుని వంటింటి గడప దగ్గర నిలబడ్డ అత్త ముందుకు వెళ్లాను. అవ్వ తలెత్తి చూసింది. చూసిందంతే. నా చెయ్యి ఆగిపోయింది.

అత్త చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నా చేతులు తడిగా ఉండాయి పాపా, ఆ గూట్లో పెట్టు" అని పెరట్లోకి వెళ్లిపోయింది. నేను గూట్లో పెట్టేశాను. అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. సాయంత్రానికి ఆ ఆకులు గూట్లోనే వాడిపోయాయి.

నేను అత్తగారింటికి పోతుంటే మా అత్త అరటిపట్టలో చుట్టి నాలుగు కణుపుల తీగముక్క ఇచ్చింది. మా ఆయనకు రేణిగుంటలో రైల్వే ఉద్యోగం, క్వార్టర్స్‌లో కాపురం. అక్కడ ప్రేమకొద్దీ పూటపూటా నీళ్లు పోసి ఆ ముక్కను కుళ్లబెట్టాను. ఉత్తరం రాస్తే, "పోసింది చాలు, ఊరికే సూస్తా ఉండు" అని కార్డు ముక్క మీద రాయించి, ఊరినుంచి వచ్చేవాళ్లతో ఇంకో ముక్క పంపింది. అది బతికింది. ఈసారి ఊరికి పోయినప్పుడు అత్త చేతిలో వక్కాకు పెట్టి తీరాలని ప్రతిసారీ అనుకునేదాన్ని, వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లు. తర్వాత ఒకనాడు టెలిగ్రాం వచ్చింది. ఇక అనుకోవలసిన అవసరం లేకపోయింది.

ఇల్లు మారినప్పుడల్లా ఒక ముక్క కోసి తెచ్చుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా బాల్కనీలో ఉన్నది ఆ తీగే.

ఆ శుక్రవారం సాయంత్రమే మళ్లీ బెల్ మోగింది. ఆకుకు పొద్దున్నే వచ్చి వెళ్లారు కదా, ఇంకెవరబ్బా అనుకుంటూ తీశాను. ఆ కొత్తకోడలే, చేతిలో తాంబూలం, పైన నేను తుడిచిచ్చిన ఆకులే. నవ్వుతూ చెయ్యి ముందుకు చాచింది. ఎదురుగా వాళ్ల గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్ల అత్తగారు తలెత్తి చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు, నాకు జ్వరం వస్తే నాలుగు రోజులు అన్నం పంపింది. చూసిందంతే. పిల్ల చెయ్యి గాలిలో ఆగిపోయింది, ముఖం ఎర్రబడింది.

నా చేతులు తడిగా ఉన్నాయమ్మా, ఆ బల్ల మీద పెట్టు అన్నాను. నా చేతులు పొడిగానే ఉన్నాయి. ఆ రోజు అత్తవీ పొడిగానే ఉన్నాయని, నన్ను గట్టెక్కించడానికే వాటిని వెనక్కి పెట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది. పిల్ల బల్ల మీద పెట్టి, తలవంచుకుని వెళ్లిపోయింది.

మా కాలం పిల్లలం ఇప్పుడు అవ్వలమయ్యాం. బావులు పూడిపోయాయి, అంట్లకు యంత్రాలొచ్చాయి, వక్కాకుతోపాటు ప్లాస్టిక్ డబ్బా పెట్టి రిటర్న్ గిఫ్ట్ అంటున్నారు. తలెత్తి చూసే ఆ చూపు మాత్రం ఎక్కడికీ పోలేదు. తలుపు వేసి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ పిల్ల మీద నాకేమీ కోపం లేదు. తడి చేతులైనా పరవాలేదు, పట్టండి అని ఒక్క మాట అని ఉంటే, పట్టుకునేదాన్ని. గడప దగ్గర మా అత్త కూడా నా నోట ఆ ఒక్క మాట కోసమే చూసి ఉంటుంది.