కుడితి కలవని అంచనా

దూడ రోజుకు ఎంత దాణా తింటుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ మా డెయిరీలో ఉంది. వయసు, బరువు, తాగే పాలు, ఎండ ఇస్తే ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెను మన ఊళ్ల దూడలకు సరిపోయేలా అటూ ఇటూ జరపడం నా ఉద్యోగం. సూర్యాపేట ఆఫీసులో నేను జరుపుతాను. మిర్యాలగూడ ఆఫీసులో ఒక మేడమ్ జరుపుతుంది. నాకంటే చిన్నది, నా తర్వాత చేరింది. ఆమె చెప్పినంతే దూడలు తింటాయి. నేను చెప్పినదాంట్లో ఎప్పుడూ కొంత తొట్టిలో మిగులుతుంది. అంచనాలు ఇద్దరివీ, తూకం అంచున సరిగ్గా ఆగేవి మాత్రం ఆమెవి.

ఈ సంగతి ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ, "ఆమె దూడలతోని మాట్లాడుతదేమో. నువ్వు నాతోనే సక్కగ మాట్లాడవు" అంది. ఆ పూట నా కంచంలోనూ కొంత మిగిలింది.

ఈ ఎండాకాలం మా మేనేజర్ పోటీ పెట్టాడు. పోటీ అనలేదు, ట్రయల్ అన్నాడు. కోదాడ దగ్గర ఒక ఇంట్లోని దూడలకు మేమిద్దరం విడివిడిగా అంచనా కట్టాలి. దూడలు నిజంగా తిన్న దాణా తూకానికి చివరికి ఎవరిది దగ్గరగా వస్తే, ఇక సూర్యాపేట, మిర్యాలగూడ, కోదాడ మూడు ఊళ్లకూ వాళ్ల సర్దుబాట్లే. రెండోవాళ్లు తలూపాలి. ఆ ఊగే తల నాదే అవుతుందని నాకు భయం.

అంకెలు పంపాం. ఆమెది నాదానికంటే బాగా తక్కువ. మొదటి తూకాలు వచ్చాయి, అచ్చం ఆమె చెప్పినట్టే. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆమె మెసేజీ కింద మేనేజర్ పెట్టిన బొటనవేలి బొమ్మ చూసి నా కడుపు మండింది. దూడలు తిన్నా తినకున్నా నా ఈర్ష్యకు మాత్రం పూటపూటా మేత దొరికింది.

ఉండబట్టలేక కోదాడ బస్సెక్కాను. సాయంత్రం నేను వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దావిడ పాలు పిండేసి, బకెట్ పట్టుకుని దూడల దగ్గరికి పోతోంది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, పైన తవుడు. కుడితి! దూడలు మూతులు ముంచి, తెల్ల మీసాలతో నన్ను చూశాయి.

"అమ్మా, ఇది రోజూ పోస్తారా?"

"పోయకుంటే ఊకుంటయా సార్?"

"ఏం పెడతారని ఫోన్‌లో అడిగితే పాలు, దాణా అనే చెప్పారు కదా!"

"కుడితి గూడ ఎవరన్న లెక్కల చెప్తరా? ఇంటికొచ్చినోళ్లకు మంచినీళ్లిచ్చుడు లెక్కవెడ్తమా?"

నిజమే, మా వైపు కుడితిని ఎవరూ మేత కింద లెక్కవేయరు. దూడ కడుపు మాత్రం వేస్తుంది. కుడితి ఆపితే దూడలు దాణా మీద పడతాయి, నా అంకె గెలుస్తుంది. పైగా ఆ వయసులో వాటికి దాణాయే మంచిది. సలహా మంచిదే, బుద్ధే కాస్త వంకర. గొంతు సవరించుకున్నాను.

పెద్దావిడ ముందే అందుకుంది. "ఇయ్యాల్టితోని ఆఖరు సార్. సిన్న దూడ బక్కగైందని మిర్యాలగూడ మేడమ్‌కు ఫొటో పెట్టిన. కుడితితోనే కడుపు నిండితే దాణా తినదు, పెరగదు, బంద్ చెయ్యమన్నది. మొదటి దినమే అడిగింది ఆమె, పొద్దుమీకి ఏం తాపుతరని."

ఇక నా సలహాకు పని లేదు. టీ తాగి వచ్చేశాను.

కుడితి ఆగింది. దూడలు దాణా తిన్నాయి. నా అంకె దగ్గరికొచ్చింది, ఆమెది దూరమైంది. ఇక మూడు ఊళ్లకూ సూర్యాపేట లెక్కే అని మేనేజర్ రాశాడు. ఈసారి బొటనవేలు నాకు.

ఆమెకు ఫోన్ చేశాను. "కుడితి ఆపమంటే మీ లెక్క తప్పుతుందని తెలియదా మేడమ్?"

"ఎందుకు తెల్వదు సార్?" నవ్వింది. "దూడ గట్ల ఎండుతుంటే నా లెక్కను పట్టుకొని కూసుంటనా?"

గెలిచినవాడు ఇంత కుళ్లుకోవడం ఎక్కడైనా ఉందా? ఓడిపోవడంలో కూడా ఆమెదే పైచేయి.

కానీ కుడితి పోసే ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ నా అంకె పెడితే మళ్లీ తొట్లలో మిగులుడే. గొంతు తగ్గించి అడిగాను, ఆ ఇళ్లకు ఎంత తగ్గించాలని. ఓపికగా చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో మార్చాను. సర్దుబాటు ఎవరిదో రాసే చోట 'సూర్యాపేట' అని ఉంది. కాసేపు దాన్నే చూసి, పక్కన 'మిర్యాలగూడ' చేర్చాను.

ముందు కాదు, తర్వాతే.