వేపాకు ఎండేదాకా

ఈ పొద్దున పాలాయన అలవాటు ప్రకారం పక్కింటి గేటుకు ప్యాకెట్ తగిలించి వెళ్లాడు. రెండిళ్లు దాటాక గుర్తొచ్చినట్టుంది. బండి తిప్పుకుని వచ్చి, చప్పుడు కాకుండా తీసుకున్నాడు. శుక్రవారం తెల్లవారుజామున టీచరమ్మ కన్నుమూసింది. ఆ ఇంట్లో ఇక పాలు తాగేవాళ్లు లేరు.

ఇబ్రహీంపట్నంలో చాలామందికి ఆమె సర్కారు బడిలో తెలుగు చెప్పిన టీచరమ్మ. నేను కాన్వెంట్‌లో చదివాను కాబట్టి ఆమె తరగతిలో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. నాకు ఆమె పక్కింటి టీచరమ్మ. కొడుకుతో దక్కనీ ఉర్దూలో మాట్లాడేది, మాతో తెలుగులో. రిటైరైనాక ఆమెకు మిగిలిన పని చదవడమే.

ఆమె చదివేసినవి అల్మారాలోకి పోతే, మిగతా పుస్తకాలకు మూడు చోట్లు ఉండేవి. చదువుతున్నది కుట్టుమిషన్ మీద. కొత్తగా కొన్నవి ఫ్రిజ్ మీద. ఇంకా రావలసినవి ఆమె మాటల్లో. వాటి సంగతి దారిలో ఉన్న చుట్టాల సంగతిలాగే చెప్పేది. "గా కథల పుస్తకం అచ్చుకు పోయిందట బిడ్డా. వానలు పడేవరకు వస్తది."

కొత్త పుస్తకాన్ని ఆమె వెంటనే చదివేది కాదు. గేటు పక్కనున్న వేపచెట్టు నుంచి ఒక రెమ్మ తెంపి, పుస్తకం మధ్యలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచేది. ఆ ఆకు ఎండి, వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. అప్పుడే ఆ పుస్తకం కుట్టుమిషన్ మీదికి దిగేది. ఎండాకాలంలో తొందరగానే దిగేది కానీ, ముసురు పట్టిందంటే ఎంతకీ దిగేది కాదు. ఎందుకు ఆగాలని ఒకసారి అడిగాను.

"కొత్త బియ్యం తొందరపడి వండితే ఏమైతది?"

"ముద్దయితది."

"పుస్తకం గూడ గంతే."

నేను బడిలో ఉన్నప్పుడు తెలుగు కూడబలుక్కుని చదివేదాన్ని. పదిమందిలో నోరు విప్పడమంటేనే నాకు భయం. ఒక సాయంత్రం ఆమె తన చేతిలో ఉన్న పుస్తకం నా ఒడిలో పెట్టి, చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. నేను రెండు వాక్యాలు చదివి ఆగిపోయాను.

"తప్పు చదివితే పుస్తకమేం ఏడ్వదు. చదువు," అన్నది.

ఆ రోజు ఆమె ఒక్క తప్పు కూడా దిద్దలేదు. నేను గట్టిగా చదివే ఇల్లు అదొక్కటే అయింది.

చాలా ఏళ్లు ఆమె ఒక నవల రెండో భాగం కోసం ఎదురుచూసింది. మొదటి భాగం ఉద్యోగంలో ఉన్నప్పుడే చదివిందట. కోఠి పుస్తకాల దుకాణాలకు పోయినప్పుడల్లా అడిగేది, లేదనిపించుకుని వచ్చేది. ఈ ఎండాకాలం చివర్లో అది దొరికింది. నేను పక్కనే ఉన్నాను. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ దాన్ని ఒడిలో పెట్టుకుని అట్ట నిమిరింది కానీ తెరవలేదు.

"ఒక్క పేజీ చూస్తే ఏమైతది టీచరమ్మా?"

"అప్పుడే వచ్చిన కోడలిని పొయ్యి కాడ నిలవెడ్తమా? జర ఆగు."

ఇంటికి రాగానే రెమ్మ తెంపింది. ఆ వారమే వానలు మొదలయ్యాయి.

వానలతోపాటే ఆమెకు ఆయాసం వచ్చింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, గుండె బలహీనంగా ఉందని చెప్పి ఇంటికి పంపించారు. కళ్లు కూడా మసకబారాయి. తుక్కుగూడలో ఉండే కొడుకు తమతో రమ్మంటే, "నా ఫ్రిజ్ గూడ తెస్తవా మరి?" అని నవ్వింది. చివరికి అతనే ఇక్కడికి వచ్చి పడుకోవడం మొదలుపెట్టాడు.

నేను రోజూ వెళ్లి ఆ ఆకు చూసేదాన్ని. అది మెత్తగానే ఉండేది. టీచరమ్మ చిక్కిపోతూ ఉండేది. ఇప్పుడే చదువుకుందామంటే వినదు. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రలో ఉండగా, అల్మారాలోని పాత పుస్తకంలోంచి ఒక ఎండు రెమ్మ తీసి ఇందులో పెట్టాను. పచ్చిది నా చున్నీ కొంగులో ముడివేసుకున్నాను. ఆమె లేచాక పుస్తకం తెచ్చి చేతికిచ్చాను.

"చూడు టీచరమ్మా, ఎండింది."

ఆమె ఆకు నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"గిది పోయినేటి ఆకు," అన్నది. నేను తల వంచుకున్నాను. ఆమె నవ్వింది. ఆయాసం వచ్చేదాకా నవ్వింది. "నోట్లె మాట లేని పిల్ల అనుకున్న. నన్నే మోసం జేస్తవానే? సరే తియ్యి. చదువు."

ఈ వానాకాలంలో రోజూ చదివాను. ఆమె కళ్లు మూసుకుని వినేది. మధ్యలో చెయ్యి ఎత్తితే ఆగేదాన్ని. "గీ ముసలామె మొదటిదాంట్ల గిట్ల లేకుండె. మస్తు కోపధారి. మొగన్ని గూడ గడప దాటనియ్యకపోయేది," అని వెనుకటి కథ ఎత్తుకునేది. ఆమె చెప్పిన కథ ఒక్కోసారి ఆ రోజు నేను చదివిన అధ్యాయం కంటే పెద్దదయ్యేది. ఆయాసం ఆ కాసేపు ఎటు పోయేదో తెలియదు.

పుస్తకం అయిపోయింది. చివరి వాక్యం చదివి మూశాక ఆమె ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కళ్లు తెరిచి, "మూడోది రాస్తున్నడా? కోఠికి పోయినప్పుడు అడుగు," అన్నది. ఆ తర్వాత మూడు చోట్లలో మిగిలింది ఆమె మాటల్లోని ఆ మూడో భాగం ఒక్కటే. వెళ్లిన ప్రతిసారీ దాని సంగతి అడిగేది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత ఆమెను తీసుకెళ్లారు. గేటు బయట ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు వానలో తడుస్తూ నిలబడ్డారు.

ఆదివారం ఆమె కొడుకు నన్ను పిలిచి అల్మారా తెరిచాడు. "చెల్లె, అమ్మీ పుస్తకాలు నీకే ఎరుక. నీకు గావాల్సినయి తీస్కో."

ఒక్కటే తెచ్చుకున్నాను. అట్ట ఊడిపోయిన ఆ నవల మొదటి భాగం. వచ్చేటప్పుడు వేపరెమ్మ తెంపి, మధ్యలో పెట్టి, మా ఫ్రిజ్ మీద ఉంచాను.

అమ్మ చూసింది. "గది పాత పుస్తకమే గదనే. దానికి ఆకెందుకు?"

నేను పుస్తకం తెరిచి ఆకు తాకి చూశాను. ముసురింకా వదల్లేదు, ఆకు పచ్చగానే ఉంది.

ఆ మొదటి భాగం నేనింకా చదవలేదు.