శాలిహుండం స్తూపం చుట్టూ

శాలిహుండం కొండ మీద ఇటుకల స్తూపాన్ని ఫొటో తీసి తిరిగి చూసేసరికి పిల్లలిద్దరూ లేరు. కొండ దిగువన వంశధార నది. అంచు వైపు పరుగెత్తబోతుంటే, నీడన కూర్చున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏటమ్మా ఆ పరుగు? నీ పిల్లలు మా అత్త ఎనకాల స్తూపం సుట్టూ తిరుగుతన్నారు. కూకో, వస్తారు."

వాళ్ళది కళింగపట్నమట. ఆమె భర్త సముద్రంలో వేటకు వెళ్ళాడట. కొడుకు పడవెక్కినప్పుడల్లా అత్తగారు ఇక్కడికొచ్చి ప్రదక్షిణలు చేస్తుందట.

"ఇది బుద్ధుడిది కదా?" అన్నాను.

"అయితే ఏటి? సుట్టూ తిరిగినోళ్ళు బయల్దేరిన కాడికే వస్తారని మా అత్త నమ్మకం. అదిగో సూడు!"

స్తూపం అవతలి వైపు నుంచి ముసలామె వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని మా చిన్నది, వెనకే చేతులు జోడించి మా పెద్దాడు.

"నీ కూతురు నాకన్నా జోరు. నా కొంగు సింపేసినాది," అని ఆమె నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

చెప్పకుండా వెళ్ళినందుకు పిల్లల్ని గట్టిగా కోప్పడాలని రాత్రంతా అనుకున్నాను. పొద్దున్నే మా చిన్నది, "ఆ మామ్మ కొడుకు వచ్చేశాడా?" అని అడిగింది.

"వచ్చే ఉంటాడు. మీరు కూడా తిరిగారుగా," అన్నాను.