జగదాంబ చెయ్యి పడని చోటు

పాలకొల్లు పక్కనున్న ఆ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి కబురు జగదాంబకే. పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, వాటి మీద పసికందును పడుకోబెట్టి ఆవిడ నూనె మర్దన మొదలెట్టిందంటే, ఎంత గుక్కపెట్టి ఏడ్చే బిడ్డయినా చివరికి సాంబ్రాణి పొగలో హాయిగా నిద్రపోవలసిందే. "జగదాంబ హస్తవాసి మంచిది" అని ఊరంతా అనేది. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది జగదాంబే. ఆవిడ వేలు తగలని చోటు బిడ్డ ఒంటి మీద ఉండేది కాదు.

రామతులసిగారి మనవరాలికి నెలన్నర వచ్చేసరికి ఎడమ భుజం మీద ఎర్రగా పొక్కు లేచి, కొసన తెల్లగా చీము పట్టింది. పుట్టగానే టీబీ రాకుండా బీసీజీ టీకా వేసింది అక్కడే.

"జగదాంబా, దాన్ని చిదిమేసి కాస్త పసుపూ సున్నం పట్టించు" అంది రామతులసి.

"వద్దమ్మా, ఆ టీకాకి అలా రావడం మామూలేనంట. ఏమీ రాయకుండా, నొక్కకుండా వదిలేస్తే అదే మానిపోతుందని నర్సుగారు చెప్పారు" అంది పురిటికి పుట్టింటికొచ్చిన సాయిప్రసన్న.

"ఎంతమంది పిల్లల్ని పెంచిందేంటి ఆ నర్సు?" అంది రామతులసి.

జగదాంబకి పాత సంగతి గుర్తొచ్చింది. కిందటేడు ఇంకో ఇంట్లో ఇలాంటి పొక్కునే తను చిదిమింది. అక్కడేం జరిగిందో చెబితే హస్తవాసి కాస్తా గోదాట్లో కలుస్తుంది. చెప్పకపోతే ఈ పసిదాని భుజం ఏమవుతుందో! ఆలోచించి ఆలోచించి ఓ ఉపాయం పన్నింది.

"అమ్మగారూ, ఇది అమ్మవారి పొక్కండీ. అమ్మవారు పోస్తే ఎవరైనా చిదుముతారా?"

రామతులసి గబగబా చెంపలేసుకుంది. తన తెలివికి తానే మురిసిపోతూ జగదాంబ చెంబు అందుకుంది. ఆ మురిపెం నీళ్ళు పోయడం అయ్యేదాకా కూడా నిలవలేదు. రామతులసి పెరట్లోకి వెళ్ళి, వేపాకూ పసుపూ కలిపి నూరి, గిన్నెతో వచ్చేసింది. అమ్మవారని చెప్పాక వేపాకు పూయకుండా ఊరుకునే అమ్మమ్మ ఆ ఊళ్ళో ఎక్కడుంది?

"ఆగండమ్మగారూ!" జగదాంబ పాప భుజానికి చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మవారూ లేదు, ఏమీ లేదండి. కిందటేడు త్రిమూర్తులుగారి మనవడికి నేనే పొక్కు చిదిమి పసుపూ సున్నం పెట్టానండి. గడ్డకట్టి, ఆసుపత్రిలో కోయాల్సొచ్చింది. వాడి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉందండి. నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలెయ్యాలని ఆ డాక్టరుగారే చెప్పారు. వాపు పెరిగినా, చంకలో బిళ్ళ కట్టినా ఆసుపత్రికే తీసుకెళ్ళాలంట."

రామతులసి గిన్నె కింద పెట్టేసింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ పిలుస్తారాండి నన్ను?" జగదాంబ సిగ్గుతో తలొంచుకుంది.

"చెప్పావు కాబట్టే రేపూ రా" అంది రామతులసి.

పొక్కు పగిలింది, పుండయింది, నెమ్మదిగా ఎండింది. పాప అన్నప్రాశన నాటికి బొట్టుబిళ్ళంత మచ్చ మిగిలింది. రామతులసి వచ్చినవాళ్ళందరికీ దాన్ని చూపించి, "ఎంత చక్కగా మానిందో చూశారా! అంతా మా జగదాంబ హస్తవాసి" అంది.

పాయసం తింటున్న జగదాంబ పకపకా నవ్వింది.

"ఆ ఒక్క చోటే నా చెయ్యి పడలేదండి!"