తవ్వకంలో తేలిన ఇంటికి ముగ్గు

“చెయ్యి తియ్యమ్మా. ఆ పేడ నేలకు తగలకూడదు.”

“తగలకుండా ఇల్లెట్లా అలికేదయ్యా?”

“అలకమని ఎవరన్నారు?”

“పొద్దున మీరే గదా చెప్పినారు, శుభ్రంగా ఊడ్చండి, రేపు ఫోటో తీసేవాళ్ళు వస్తారని. ఊడ్చిన ఇంటిని అలక్కుండా వదిలేస్తే, చూసినోళ్ళు మిమ్మల్నంటారా, నన్నంటారా?”

జానెడు లోతు గుంతలో పేడ తట్ట పక్కన పెట్టుకుని నేను, గట్టు మీద నిలబడి తవ్వకాల ఆఫీసరు. మద్రాసు నుంచి వచ్చిన కుర్రవాడు. మా ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయింది పాపం.

ఆత్మకూరు నుంచి మర్రిపాడు పోయే రోడ్డును వెడల్పు చేయడానికి కంకర తవ్వితే రాతిగొడ్డళ్ళు, కుండపెంకులు బయటపడ్డాయి. రోడ్డు వేసేలోగా అన్నీ చూసి రాసుకోమని ఈయన్ను పంపారు. ఆ ఏడు వానలు లేక సజ్జ ఎండిపోయింది. మేం ఆడవాళ్ళం తవ్వకం కూలికి పోయాం. తవ్వగా తవ్వగా ఒక ఇంటి నేల తేలింది. గుండ్రటి ఇల్లు. గుంజలు పాతిన చోట నల్లటి మచ్చలు, నట్టనడుమ పొయ్యి. ఇనుమంటే ఏమిటో తెలియని కాలపు మనుషులదట. ఆయన అంత మురిపెంగా చూపిస్తుంటే నాకు మాత్రం ఆ ఇంటి కోడలు గుర్తొచ్చింది. పొయ్యి నడుమ పెడితే పొగంతా ఎవరి కళ్ళలోకి పోతుంది?

ఫోటో తీసేదాకా ఆ నేల చెదరకూడదు. తీసిన తర్వాత రోడ్డు రోలరు రావడమే. ఆఫీసరు దిగులంతా మా మరిదిని గురించి. వాడు రోజూ తెల్లవారుతూనే గొర్రెల మందను తోలే బాట సరిగ్గా ఆ ఇంటి మీదుగానే పోతుంది. వద్దని బతిమాలితే, “మా తాతల నాటి బాట సార్ ఇది,” అన్నాడు. ఈ ఇల్లు అంతకన్నా ముందుదని ఆఫీసరు అంటే, “అయితే ఆ ఇంటోళ్ళనే వచ్చి అడగమను,” అన్నాడు. అడ్డంగా కంప కొట్టిస్తే, అది రెండు రోజుల్లో ఎవరి పొయ్యిలోకో పోయింది. తుమ్మకంప, బాగా మండుతుంది. ఎవరు మాత్రం వదులుతారు?

“అలికితే మచ్చలు కనపడవమ్మా. ఇన్నాళ్ళ నా పనంతా ఆ మచ్చలే,” అన్నాడు.

“సరే, లోపలొద్దు. వాకిలన్నా అలకనిస్తారా?”

“వాకిలెక్కడుంది?”

“ఇంత ఇంటికి వాకిలి లేకుండా ఉంటాదా? మీరు తాడు కట్టినారే, దానికి బయటంతా వాకిలే.”

“తాడు దాటి లోపలికి రాకూడదు,” అన్నాడు.

తెచ్చిన పేడను తిరిగి మోసుకుపోవడమెందుకని గుంత చుట్టూ గట్టంతా అలికాను. గొర్రెల బాట వచ్చి తగిలే రెండు వైపులా ముగ్గు పెట్టాను. పిండి కలిసి వస్తుందని చుక్కలు తగ్గించాను. ఆ పిండి నా ఇంటిది. సర్కారుకు నేను ఉత్తపుణ్యానికి ఇచ్చింది అదొక్కటే.

ఆఫీసరు నవ్వి, “కాళ్ళు కడుక్కుంటే నన్ను రానిస్తావా అమ్మా?” అన్నాడు.

“ఆరేదాకా ఎవురూ తొక్కకూడదు. మీరైనా అంతే.”

మర్నాడు పొద్దున్నే పోయి చూస్తే, గొర్రెల అడుగులు నా అలుకు దాకా వచ్చి, పక్కకు మళ్ళి, చెట్లలో చుట్టు తిరిగి అవతల బాటలో కలిశాయి. ఆఫీసరు అడిగితే మా మరిది, “అలికి ముగ్గేసిన తావు తొక్కిస్తే మా ఒదిన నాకు కూడు పెడతాదా సార్?” అన్నాడట. సర్కారును లెక్కచేయనివాడు.

ఫోటో వాళ్ళు జీపులో వచ్చారు. ఆఫీసరు వాళ్ళ చేత బూట్లు విప్పించి, ముగ్గు చెరగకుండా పక్కనుంచి దింపాడు. వాళ్ళు మచ్చలనూ పొయ్యినీ ఫోటో తీసుకున్నారు. మంద కాసేపు ఆగిన చోట పెంటికలు పడి ఉన్నాయి. వాటిని ఎరువుకని నా తట్టలోకి ఎత్తుకుని ఇంటికి వచ్చాను.