హోల్డాన్ అనేది నీ పని

నా అక్షరాలు వంకరగా ఉంటాయి, తప్పులూ ఉంటాయి. ఏమీ అనుకోకుండా చదవండి. నేను చదివింది పల్లెలో, కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు మా బావ బస్సు బోర్డు మీద చూపించి నేర్పినాడు. ఆ బావ పోయిన నెల చనిపోయినాడు. మా అక్క మొగుడు.

ఆ పొద్దు మధ్యాహ్నం అక్క మా వాకిట్లో వచ్చి నిలబడింది. "మీ బావ బండిలో పడుకోనుండాడు రా. లేపితే లేస్తాలేడు" అనింది. పోయి చూస్తే ఇనుప మంచం మీద కాళ్ళు చాపుకోని ఉండాడు. తన పొడుగుకు ఆ మంచం చాలుతుందా లేదా అని చూసేదానికి పడుకున్నాడంట.

ఆ బండి సంగతి చెప్పాల. బావ ముప్పై ఏండ్లు బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం దోవల్లో ప్రైవేటు బస్సు తోలినాడు. పని మానినాక పాత టెంపో వ్యాను ఒకటి తెచ్చి, లోపల సీట్లు పీకి, మంచం, పంపు స్టవ్వు, నీళ్ళ డ్రమ్ము పెట్టించినాడు. తను బస్సు తోలిన ఊర్లకే మళ్ళా పోయి, దిగి చూడాలని. అక్క పాత చీర చించి కిటికీలకు తెరలు కుట్టింది. కుడతానే గొణుగుతాండె.

"ఇన్నేండ్లు తోలినావు, ఇంకా తోలేది చాల్లేదా నీకు?"

"తోలినా గానీ, యాడన్నా దిగితినా? స్టాండులో టీ తాగేది, మళ్ళా ఎక్కేది."

"పూటలో పోయొచ్చే దోవ. ఆడికి పోయి బండిలో పడుకునేదా? జనం నగుతారు."

"నగనీలే. మనమూ నగుదాం."

పొద్దున టిఫను తిని బయలుదేరితే, మధ్యాహ్నం సంగటికి ఎసరు పెట్టే పొద్దుకు బండి నిలిచిపోవాల. అదీ ఆయన పెట్టుకున్న కట్టు. మిగిలిన పొద్దంతా ఆ ఊర్లో నడిచి చూడాల. నోటుబుక్కులో ఊర్ల పేర్లు రాసి, ఒక్కొక్క ఊరికి ఎదురుగా ఒక ప్రశ్న రాసుకున్నాడు. మంచేనహళ్ళి: 'తెల్లగోడ వెనక ఎప్పుడూ పొగ వస్తాది, ఏం కాలుస్తారు?' నంది: 'కొండ కింద ఊరోళ్ళు ఎప్పుడన్నా కొండెక్కుతారా?' గూళూరు: 'స్టాపు పక్క గుట్టకు అవతల ఏముండాది?' స్టీరింగు పట్టుకోని ఇవన్నీ మనసులో పెట్టుకోనుండాడని మాకు తెలీదు.

నన్నూ రమ్మన్నాడు. నాకు కొత్తవాళ్ళతో మాట రాదు.

"నీకు ఒకే పనిరా" అన్నాడు. "కండక్టరు రైట్ రైట్ అంటే నేను తోలేవాణ్ణి. నా బతుకంతా రైట్ రైటే. ఇంక మంచి జాగా కనబడితే హోల్డాన్ అనేది నీ పని. నువ్వంటేనే నిలుపుతా."

ఒక దినం సరిచూద్దామని ముగ్గురం గూళూరుకు పోతిమి. గుట్ట కనబడింది. హోల్డాన్ అన్నాను. నాకే వినబడలేదు. బావ తోలతానే ఉండాడు. మళ్ళా అన్నాను. ఆయన చెవి చూపించి నగినాడు. గుట్ట దాటిపాయె. వెనక నుంచి అక్క, "గట్టిగా అనరా, నోట్లో సంగటి పెట్టుకోనుండావా!" అనింది. అప్పుడు అరిచినాను. బావ వేసిన బ్రేకుకు డ్రమ్ములో నీళ్ళు అక్క మీద పడినాయి.

వెనక్కి నడిచిపోతే, గుట్టకు అవతల ఒక రేకుల ఇల్లు, కనకాంబరాల తోట. ఒక అవ్వ పూలు కోస్తాండె. నీళ్ళు అడగమని బావ నన్నే ముందుకు తోసినాడు. అడిగినాను. ఎక్కడోళ్ళు మీరు అనడిగి, బస్సు మాట వచ్చేసరికి ఆమె బావ పక్క తిరిగింది.

"ఆ మలుపులో హారను కొట్టేది నువ్వేనా అప్పా? సరిగ్గా నేను పాలు పిండే పొద్దుకు కొడతాంటివి. మా ఆవు ఎన్ని చెంబులు తన్నిందో!"

తిట్టి, మజ్జిగ ఇచ్చింది. బావ చేతులు జోడించినాడు. బండెక్కినాక గూళూరుకు ఎదురుగా 'ఆవు' అని రాసి కింద గీత గీసినాడు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

"మిగిలినవి ఎప్పుడు పోదాం రా?" అని ఆ తర్వాత మూడుసార్లు అడిగినాడు. "చేను పని అయిపోనీ బావా" అంటిని, మూడుసార్లూ. ఇప్పుడు చేనుకు పోతే ఆ మాటే గుర్తుకొస్తాది.

కర్మాలు అయినాక బండి అమ్మేద్దామని ఇంట్లో అన్నారు. అక్క ఒప్పుకోలేదు. "నీకు ట్రాక్టరు తోలేది వస్తాది కదరా. ఇది దానికంటే చిన్నది. హోల్డాన్ నేను అంటాలే" అనింది. నాకు భయమే. అయినా సరే అన్నాను, ఈసారి గట్టిగానే.

చింతామణికి ఎదురుగా బావ రాసింది ఇంతే: 'బండి నిలుపుకునే జాగా యాడ? ఎవరినన్నా అడగాల.' హోల్డాన్ అక్కది అయినాక అడిగేది నా పని గదా, అడుగుతాండాను. ఆ పక్కవాళ్ళు ఎవరన్నా ఇది చదివితే, నీడా నీళ్ళూ ఉండే చోటు తెలిస్తే, తొందరగా జవాబు రాయండప్పా. అక్క అప్పుడే స్టవ్వులో కిరసనాయిలు పోసేసింది. రోజూ పొద్దున పోయి బండి ముందు సీట్లో కూచోని, దోవ పక్కే చూస్తాండాది.