వెంగ్ మామా, దీని బరువెంత?

తైనాన్ ఊరు మొత్తం గాలించినా వెంగ్ మామంత కోపిష్టి కంప్యూటర్ రిపేరు మనిషి దొరకడు. ఆయనకున్నది ఒకటే పిచ్చి. కంప్యూటర్లో ఏం కనబడినా "దీని బరువెంత?" అంటాడు, అంటే అదెంత చోటు తింటోందని. జవాబు చెప్పామో, తిట్లు మొదలు!

"నాలుగు ముక్కల ఉత్తరానికి ఇంత మేడ కట్టారేంట్రా దరిద్రుల్లారా!" అని ఆయన అరిస్తే, పక్కకొట్లో చేపల గంజి తాగేవాళ్ళకి పొలమారుతుంది. కొత్త కంప్యూటర్ కొంటానన్నవాణ్ణి మెడపట్టి గెంటేస్తాడు. మళ్ళీ తనే పిలిచి, పాతదాన్లో చెత్తంతా ఊడ్చేసి, అగ్గిపెట్టెంత ప్రోగ్రాములు నాలుగు పెట్టిస్తాడు. ఆ ముసలి డబ్బా కాస్తా లేచి పరిగెడుతుంది.

సుయున్‌కి ఈ తిట్లు అలవాటే. ఆమె గుళ్ళ ముందు పాటల నాటకాలాడే కంపెనీ నడుపుతుంది. వేదిక పక్క తెరమీద పాటల మాటలు వేసేది ఆమె పాత ల్యాప్‌టాప్.

మాజు అమ్మవారి పుట్టినరోజు. మధ్యాహ్నం ఆటకి డప్పు మోగబోతుంటే ల్యాప్‌టాప్ మొరాయించింది. "అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు" అట! సుయున్‌కి ఒళ్ళు మండిపోయింది. ముందు వరసలో వాళ్ళమ్మ కూర్చునుంది. ఒకప్పుడు ఇదే నాటకంలో రాకుమారుడి వేషం ఆవిడదే. ఇప్పుడు చెవులు బొత్తిగా వినబడవు. తెర చదువుతూ పెదాలు కదుపుతుంది. పాపం, తాళం మాత్రం అందదు. పాట ఆగిపోయినా ఆవిడ పెదాలు ఆగవు. ఇక తెర కూడా లేకపోతే ఆవిడ చూసేది మూగ నాటకమే.

ఫోన్ చెయ్యగానే వెంగ్ మామ చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"పాట మాటలు వెయ్యడానికి లాగిన్ ఎందుకే? వాతావరణం కబుర్లెందుకు? దీని బరువెంత?"

"నన్నంటావేం మామా, నేను రాశానా?"

"రాసినవాళ్ళు చేతికి దొరకలేదు గనక నిన్నంటున్నా! అయ్యో, ఇదేంటే, పసుపు పొట్లం?"

ఆ ఊళ్ళో యంత్రాలు మాట వినాలని వాటి నెత్తిన 'బుద్ధిగా ఉండు' అనే పేరున్న చిరుతిండి పొట్లం పెడతారు. అది రోడ్డు మీద 'పద' అనే సిగ్నల్ దీపంలా ఆకుపచ్చదై ఉండాలి. కంగారులో సుయున్ పసుపుది పెట్టింది.

"పసుపుది పెడితే మొండికెయ్యక ఏం చేస్తుంది? పసిపిల్లలకి కూడా తెలుసే!"

"మరి ఆ పొట్లం బరువు కాదా?"

"కంప్యూటర్ కోసం పెట్టేవాటిలో బరువు లేనిది అదొక్కటే!"

"ఆపవద్దంటోంది మామా..."

"అది చెప్తే నేను వినాలా?" అని మీట నొక్కి దాని పీక నొక్కేశాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చి, దాన్లో తను రాసిన బుల్లి ప్రోగ్రాముతో ల్యాప్‌టాప్‌ని మళ్ళీ లేపాడు. పాటల ఫైలు అందులో తెరిచాడు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, అంతే.

డప్పు మోగింది. అప్పుడు చూసింది సుయున్. పాడుతున్న అక్షరాల కింద ఎర్ర చుక్కొకటి గెంతుతోంది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా వెంగ్ మామే మీట నొక్కుతున్నాడు. ఆ చుక్కని చూస్తూ అమ్మ మోకాలి మీద తాళం వేస్తోంది, ఒక్క దెబ్బ తప్పకుండా.

"ఇదెప్పుడు రాశావ్ మామా?"

"పోయినేడు. పాట ఆగినా కదిలే ఆవిడ పెదాలు చూసి వెనక వరస వెధవలు నవ్వారు చూడు, అప్పుడు."

సుయున్ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "ఈ చుక్క అదనం కాదూ? దీని బరువెంత?"

"మాట్లాడించకే! తాళం తప్పితే మీ అమ్మ లేచొచ్చి నన్ను తంతుంది!"